అమ్మలూ, ఉన్నది ఉన్నట్టు రాయి

పి.గన్నవరం,
మార్గశిరం

అమ్మలూ,

ఆశీస్సులు. ఎవరో వదిలేస్తే మనింట్లో కొన్నాళ్ళకని ఉంటున్న ముసలి లాబ్రడార్ కుక్క బంగారిని పెంచుకునేవాళ్ళు కావాలంటూ నువ్వు రాసి పంపిన ప్రకటన చదివాను. మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. చాలా బాగుంది, చిక్కల్లా అక్కడే ఉంది. "ప్రశాంతమైన స్వభావం, పూర్తి ఆరోగ్యం, ప్రేమకు మారుపేరు" అని వినేసరికి, అదెక్కడుందో కనుక్కుని వెళ్ళి తెచ్చుకుందామా అంది మీ అమ్మ. అప్పటికి అది వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుని గురక పెడుతోంది. ఆ గురక సంగతి నువ్వు రాయలేదు.

పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధం చెప్పినట్టు రాశావమ్మా. అలా చెప్తే సంబంధం కుదురుతుంది, కాపురం నిలవదు. కుర్ర కుక్క తిరిగొస్తే ఇంకెవరో ఒకరు తీసుకుపోతారు. పదేళ్ళ కుక్కని తీసుకెళ్ళినవాళ్ళు వాపసు తెచ్చారంటే మాత్రం రెండోసారి అడిగే నాథుడుండడు. ఏదో లోపం లేకపోతే ఎందుకు తిప్పి పంపిస్తారు అనుకుంటారు. అందుకని అడిగేవాళ్ళు తగ్గినా ఫర్వాలేదు, తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ మన గేటు దగ్గరికి రాకూడదు. ఏం రాయాలో నేను చెప్తాను, నీ భాషలో నువ్వు దిద్దుకో.

ముందు వయసు. నువ్వు "ఏడెనిమిదేళ్ళు" అని రాశావు. పళ్ళు చూసి డాక్టరుగారు పదికి దగ్గర్లో ఉంటుందన్నారు. కింది ముందు పళ్ళు అరిగి చిగుళ్ళ దాకా వచ్చేశాయి, దవడ పళ్ళు రెండు పీకాల్సి వచ్చింది. లాబ్రడార్లు 10, 12 ఏళ్ళు బతుకుతాయి, ఆయుష్షు గట్టిదైతే ఇంకో రెండేళ్ళు. అంటే తీసుకెళ్ళేవాళ్ళకి ఇది రెండు మూడేళ్ళ మాట. ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. చదివి వెనక్కి తగ్గేవాళ్ళు అక్కడే తగ్గిపోతారు, మంచిదే.

"పూర్తి ఆరోగ్యం" కొట్టెయ్. రావులపాలెం వంతెన దగ్గర, దిక్కులేని కుక్కల్ని చేరదీసి ఇళ్ళు వెతికే ఆ రాజమండ్రి పిల్లలకి దొరికినప్పుడు దాని పరిస్థితి నీకు పూర్తిగా చెప్పలేదు, టెన్షన్ పడతావని. చన్నులు సాగి వేలాడుతున్నాయి. కాన్పు మీద కాన్పు చేయించి, పిల్లల్ని అమ్ముకుని, ఇక పనికిరాదనుకున్నాక వదిలేశారని డాక్టరుగారు చూడగానే చెప్పారు. గర్భసంచిలో చీము పట్టింది. ఆపరేషన్ చేయించని పెద్ద వయసు ఆడకుక్కల్లో ఇది తరచుగా వచ్చేదేనట. ఎదకి వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి బిందెలకి బిందెలు నీళ్ళు తాగడం, అన్నం ముట్టకపోవడం, కిందనుంచి చీము కారడం, ఇవీ గుర్తులు. ఆలస్యమైతే ప్రాణం పోయేదే. గర్భసంచి తీసేశారు. దాని వెనకే టిక్ ఫీవర్. గోమార్ల నుంచి వచ్చే జ్వరం, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. 28 రోజులు డాక్సీసైక్లిన్ వేశారు. పరగడుపున వేస్తే కక్కేస్తుందని మీ అమ్మ దిబ్బరొట్టె ముక్కలో పెట్టి మింగించేది. రొట్టె మింగి మాత్ర మాత్రం అరుగు అంచున నీటుగా ఉమ్మేసేది ఆవిడగారు.

ఇప్పుడు ఆ రెండూ తగ్గాయి. తగ్గనిది వెనక కాళ్ళు. తుంటి కీళ్ళు అరిగాయి. పొద్దున్నే లేవడం చూస్తే తెలుస్తుంది: ముందు కాళ్ళు నిలబెట్టి కూర్చుని కాసేపు ఆగుతుంది, ఎటో చూస్తున్నట్టు నటిస్తుంది, అప్పుడు నడుము ఎత్తుతుంది. నాలుగడుగులు వేశాక గానీ కుంటు తగ్గదు. మన హాల్లో గ్రానైట్ మీద వెనక కాళ్ళు రెండూ చెరో పక్కకి జారిపోయేవి. అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు డోర్ మ్యాట్లు తెచ్చి వంటింటి నుంచి అరుగు దాకా వరసగా పరిచాను. పీచు మీద గోళ్ళకి పట్టు దొరుకుతుంది. ఇంటికొచ్చినవాళ్ళందరూ ఇదేం అలంకారమండీ అంటున్నారు. తీసుకెళ్ళేవాళ్ళింట్లో టైల్స్ ఉంటే ఇది చేసుకోవాలని రాయి. మెట్లున్న మూడో అంతస్తు అయితే వద్దే వద్దు. దాని బరువు 28 కిలోలు, రోజుకి రెండుసార్లు మోయాలంటే మాటలా!

ఇంకొకటి తప్పకుండా రాయి. మన మోకాళ్ళకి మనం వేసుకునే మాత్రలు దానికి వేయకూడదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకి విషం. పాపం కుంటుతోంది కదా అని జాలిపడి సగం మాత్ర వేసేవాళ్ళు మన ఊళ్ళోనే బోలెడుమంది. దాని కీళ్ళ మందు వేరే ఉంది, రోజూ వేయాలి, ఆ ఖర్చు నెలనెలా ఉంటుంది.

కళ్ళు నీలంగా మసగ్గా కనిపిస్తాయి గానీ శుక్లాలు కావు. వయసు మీద కంటిలోని కటకం గట్టిపడి అలా అవుతుందట, చూపు బాగానే ఉంది. ఫొటోలో అవే ముందు కనిపిస్తాయి కాబట్టి గుడ్డిది అనుకుంటారు, ఆ ముక్క వివరంగా రాయి. చెవులే మందగించాయి. పిలిస్తే పలకదు. అన్నం గిన్నె చప్పుడు మాత్రం పెరటి చివర ఉన్నా వినిపిస్తుంది, అదేం చెవుడో మరి. మేం కాలితో నేల తట్టి, చేత్తో సైగ చేసి పిలుస్తున్నాం. నిద్రలో ఉన్నప్పుడు వెనకనుంచి ముట్టుకుంటే మాత్రం ఉలిక్కిపడి పళ్ళు చూపిస్తుంది. కరవలేదు, కానీ చూపిస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ సంగతి దాచిపెట్టి పంపితే ఆ పాపం మనదే. ఐదారేళ్ళ లోపు పిల్లలుంటే వద్దనే రాయి.

కారు ఎక్కదు. ఇది నాకు చాలా విచిత్రం. ఆటో వచ్చి ఆగితే ఎవరూ చెప్పకుండానే ఎక్కి సీటు మీద దర్జాగా కూర్చుంటుంది, డ్రైవరు పక్కకి జరగమంటే జరగదు. కారు తలుపు తీస్తే నాలుగు కాళ్ళూ నేలలో పాతేస్తుంది. ఎందుకో మనకి తెలుసు, రాయక్కర్లేదు. "ఆటోలో తీసుకెళ్ళాలి" అని రాస్తే చాలు.

కుక్కని ఇలా వదిలేసినవాడికి శిక్ష ఏమిటని అడిగావు కదా. జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. తిండీ నీళ్ళూ లేక బాధపడుతుందని తెలిసి జంతువుని వదిలేస్తే నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కూడా రాదు ఆ డబ్బుతో.

తిండి గురించి నువ్వు రాసింది బాగానే ఉంది. మెత్తటి అన్నం, ఉడికించిన కోడి, కాస్త గుమ్మడికాయ, రెండు పూటలు. ఉల్లి, వెల్లుల్లి పడవు, రక్తం విరిగిపోతుంది. కిస్మిస్ అసలు పెట్టకూడదు, కిడ్నీలు దెబ్బతింటాయి. పక్కింటి పిన్నిగారు ప్రతి పండక్కీ పరమాన్నం పట్టుకొచ్చి "దానికి కాస్త" అంటారు. మీ అమ్మ ఆవిడ ఎదుటే గిన్నె అందుకుని నాకు పెట్టేస్తోంది. బంగారి మాత్రం తిన్న ఐదు నిమిషాలకే మూడు రోజులుగా తిండి లేనట్టు మొహం పెడుతుంది. నమ్మకూడదు. ఒక కిలో పెరిగితే ఆ కిలో వెనక కాళ్ళ మీదే పడుతుంది.

దాని మంచి గుణాలు రాయొద్దని కాదు. ఇంట్లో ఒక్కసారి కూడా తడపలేదు. చెప్పు కొరకలేదు. కోళ్ళ జోలికి పోదు, పిల్లి వచ్చి దాని నీళ్ళు తాగినా ఊరుకుంటుంది. కాలువ నీళ్ళు చూస్తే మాత్రం వయసు మర్చిపోతుంది. రేవు మెట్ల మీద మీ అమ్మ బట్టలు తడుపుతుంటే పక్కనే దిగి పొట్ట దాకా మునిగి నిలబడుతుంది, నీళ్ళలో కాళ్ళకి బరువు తెలియదు కదా. నేను గొలుసు పట్టుకునే ఉంటాను. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టో జ్వరం వస్తుందని డాక్టరుగారు దానికి టీకా వేశారు, ఏటా వేయించాలి. రేబిస్ టీకా కూడా ఏటా. టీకాల పుస్తకం ఫొటో తీసి పంపుతాను.

కొబ్బరి దింపు రోజు తోటలో కాయలు దబదబా పడుతుంటే చప్పుడు వినపడకపోయినా నేల అదురు తెలుస్తుంది కాబోలు, మంచం కిందకి దూరిపోయి మనుషులు వెళ్ళేదాకా రాలేదు. టపాసులకీ అంతే. అదీ రాయి.

ఫోన్లు కొన్ని వచ్చాయి. భీమవరం వైపు నుంచి ఒకాయన రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకి కట్టేస్తానన్నాడు. చెవుడండీ అంటే "మొరుగుతుందా లేదా" అన్నాడు. ఇంకొకాయన ఈతలు ఇంకెన్ని వస్తాయని అడిగాడు. గర్భసంచి లేదని చెప్పగానే ఫోన్ పెట్టేశాడు. రామచంద్రపురం నుంచి మాట్లాడినావిడ ఒక్కరే నాకు నచ్చారు. నర్సుగా చేసి రిటైరయ్యారట. దాని రంగూ జాతీ ఏమీ అడగలేదు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తుందండీ?" అన్నారు. ముసలి కుక్కని పెంచినవాళ్ళకి గానీ ఆ ప్రశ్న రాదు. ఒకసారి, తెల్లవారుజామున అని చెప్పాను. కిడ్నీ పరీక్ష చేయించారా అన్నారు, చేయించాం, బాగానే ఉందన్నాను. అయితే వాళ్ళాయన ఇంకా ఊ అనలేదు. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా పంపకూడదని రాజమండ్రి పిల్లల నియమం. వాళ్ళు వెళ్ళి ఇల్లు చూడాలి, పంపాక కూడా రెండు వారాలు కనిపెట్టి ఉంటారు. కాబట్టి ప్రకటన ఆపొద్దు.

ఇక నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. "మీరే ఉంచేసుకోవచ్చు కదా నాన్నా, ఎలాగూ అలవాటైంది." మీ పెదనాన్న అయితే ఇంకా సులువు దారి చెప్పాడు, వీధిలో వదిలెయ్ ఊరే సాకుతుందని. ఊరకుక్కల్ని ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలన్నది 2023 నిబంధన. వాటికి ఆ వీధి సొంతం, అక్కడ పుట్టి పెరిగాయి. ఇది వీధి ఎరగదు. మన సెంటర్లో కుక్కలు ఒక్క రాత్రి కూడా బతకనివ్వవు.

ఉంచుకోవడం సంగతి. 2022 జూలై నీకు గుర్తుందిగా. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం మూడో హెచ్చరిక 17.75 అడుగులు దాటింది, మన దొడ్లోకి వైనతేయ పాయ వచ్చింది, గేదెని గట్టు మీదకి తోలి మేమిద్దరం డాబా ఎక్కాం. నిచ్చెన మీద 28 కిలోల కుక్కని ఎత్తుకుని నేనెక్కగలనా? నా మోకాళ్ళూ దాని తుంటీ ఒకే ఈడువి. రక్త పరీక్షకి రాజమండ్రి పోవాలంటే ఇప్పటికే ఒక పూట ఆటో మాట్లాడుకోవాలి. ఇంకో రెండేళ్ళకి మా ఇద్దర్నీ ఎవరు తీసుకెళ్ళాలో ఆ ఆటో! అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ముసలి కుక్క అంటే ఒప్పుకునే ఇళ్ళు ఆ పిల్లల చేతిలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. మనం దీన్ని ఉంచేసుకుంటే వాటిలో ఒకటి మూతపడినట్టే.

మళ్ళీ ఇంకో ఇంటికి పంపితే బెంగపెట్టుకోదా అంటావు. పెట్టుకుంటుంది. కుక్క కొత్త ఇంట్లో మూడు రోజులు బెదురుతుంది, మూడు వారాలకి పద్ధతి నేర్చుకుంటుంది, మూడు నెలలకి గానీ తన ఇల్లు అనుకోదు అని ఆ పిల్లలు ఒక లెక్క చెప్తారు. శ్రావణంలో వచ్చినప్పుడు మంచం కిందనుంచి బయటికి రాని మనిషి ఇవాళ వంటింటి గుమ్మం దగ్గర తిష్ఠ వేసింది. మనుషుల్ని మళ్ళీ నమ్మడం దానికి వచ్చు, అది రుజువైంది. అక్కడా నమ్ముతుంది. మన పని అలాంటివాళ్ళని వెతకడం. మాకు బెంగ ఉండదా అంటే, మీ అమ్మ సంగతి నేను చెప్పలేను, నా సంగతి నువ్వు అడక్కు.

సంక్రాంతికి వస్తున్నావు కదా. అప్పటికి రామచంద్రపురం ఆయన ఊ అన్నా పండగ వెళ్ళాకే పంపుతాం, టపాసుల మధ్య కొత్త ఇంట్లో దిగడం దానికి మంచిది కాదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నువ్వూ అమ్మా వెళ్ళి రండి. ప్రభలు నేను ఏటా చూసేవే. నేను గది తలుపులు బిగించి, ఫ్యాను పెట్టి, టీవీ సౌండ్ పెంచి దాని దగ్గర కూర్చుంటాను. బెంగళూరులో కుక్కలకి రబ్బరు అడుగున్న సాక్సులు అమ్ముతారట, వెనక కాళ్ళకి ఒక జత తీసుకురా. పాదం వెడల్పు కొలిచి మీ అమ్మ మెసేజ్ పెడుతుంది. ప్రకటనలో నా నంబరే ఇవ్వు, మీ అమ్మది వద్దు. ఆవిడ ఫోనెత్తితే అడిగినవాళ్ళని అడిగినట్టే తిట్టి పంపిస్తోంది.

మీ నాన్న