ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర జీపు చక్రాలు చేయించుకున్నవారికి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపులకు, అంబాసిడర్లకు, ఫియట్లకు కొలత ప్రకారం ఉక్కు చక్రాలు చేసిచ్చే చిన్న షెడ్డు మాది. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఏప్రిల్ 10 నుంచి మే నెలాఖరు దాకా మేం వెడల్పు పెంచి ఇచ్చిన 16 అంగుళాల జీపు చక్రాల అతుకుల్లో లోపం ఉంది. మొత్తం 22 చక్రాలు, ఐదుగురు కస్టమర్లు. ఐదుగురికీ నేనే ఫోన్ చేసి మాట్లాడాను. అయితే జీపులు చేతులు మారుతుంటాయి, చక్రాలు విడిగా కూడా అమ్ముకుంటుంటారు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

వాల్వ్ రంధ్రం పక్కన, లోపలి వైపు మేం కొట్టిన పంచ్ నంబరు ఉంటుంది. అది 4తో గానీ 5తో గానీ మొదలైతే దయచేసి ఆ చక్రాలతో బండి తీయకండి. పాత చక్రాలు ఎక్కించుకోండి. లీకు ఆగుతుంది కదా అని లోపల సీలెంట్ పోయించకండి. గాలి నిలుస్తుందేమో గానీ ఇనుములో ఉన్న లోపం అలాగే ఉండిపోతుంది. స్టెప్నీగా పెట్టుకున్నవాళ్లు దాన్ని కూడా పంపండి. రానుపోను లారీ ఖర్చులు మావే.

జూన్ మొదటి వారంలో రాజమండ్రి నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేశారు. "రాత్రి గాలి కొట్టిస్తే తెల్లారేసరికి సగం దిగిపోతోందండీ. పంక్చర్ షాపులో మూడుసార్లు చూపించాను, టైరులో ఏమీ లేదంటున్నారు" అన్నారు. కోప్పడలేదు, ఒక్క మాట కూడా తూలలేదు. చక్రం తెప్పించి, టైరు బిగించి ఉండగానే నీళ్ల తొట్టిలో ముంచాం. అతుకు పొడవునా ఆవగింజల్లాంటి బుడగలు వరసగా పైకి వచ్చాయి. ఆయన ట్యూబ్‌లెస్ టైర్లు వేయించుకున్నారు కాబట్టి బయటపడింది. ట్యూబు ఉంటే గాలి దిగేదే కాదు, నాకు తెలిసేదీ కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

గ్రైండర్‌తో అతుకుకి అడ్డంగా కోసి చూశాం. పైన నున్నగా, చూడముచ్చటగా ఉన్న వెల్డింగ్ లోపల దోసె మీద చిల్లుల్లా ఉంది.

కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. వైరు మార్చి చూశాం, సిలిండర్ మార్చి చూశాం. చివరికి తేలింది, ఫ్యాన్! మేం వాడే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వెల్డింగ్‌లో కరిగిన ఇనుము మీద గ్యాస్ ఒక దుప్పటిలా కప్పి ఉండాలి. పక్క నుంచి గాలి కొడితే ఆ దుప్పటి తొలగిపోతుంది. మామూలు గాలి కరిగిన లోహంలోకి దూరి, అది గడ్డకట్టేటప్పుడు బయటికి రాలేక బుడగలుగా ఇరుక్కుపోతుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకి మేస్త్రి చెమట కళ్లలోకి కారుతుంటే చూడలేక పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి పెట్టింది నేనే. ఎటు తిప్పి పెట్టాలో ఆలోచించనిదీ నేనే. ఇందులో మేస్త్రి తప్పేమీ లేదు. ఆ మాట ఆయన ముందే అందరికీ చెప్పాను.

గాలి దిగడం చిన్న సమస్య. అసలు భయం వేరే ఉంది. 6.00-16 టైరు వేసిన జీపు చక్రం కిలోమీటరుకు దాదాపు 450 సార్లు తిరుగుతుంది. ఇక్కడి నుంచి రాజమండ్రికి 160 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క ట్రిప్పులోనే 70,000 పైచిలుకు. తిరిగిన ప్రతిసారీ బండి బరువుకి రిమ్ము కంటికి కనిపించనంతగా వంగి మళ్లీ లేస్తుంది. లోపల చిల్లులున్న చోటే పగులు మొదలవుతుంది. ఇంతవరకూ ఏ చక్రమూ పగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యేదాకా ఆగే విషయం కాదిది.

వెడల్పు ఎందుకు పెంచేవాళ్లమంటే, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విల్లీస్ జీపు చక్రం వెడల్పు నాలుగున్నర అంగుళాలే. ఇప్పుడు దొరికే వెడల్పాటి రేడియల్ టైర్లు దాని మీద సరిగ్గా కూర్చోవు. అందుకని రిమ్మును చుట్టూ కోసి, మధ్యలో పట్టీ పెట్టి, రెండు వైపులా అతుకుతూ వచ్చాం. అంటే గాలిని ఆపాల్సిన చోటే, చుట్టూ రెండు అతుకులు. ఆ పద్ధతి ఇవాళ్టి నుంచి పూర్తిగా మానేశాం. ఎవరు అడిగినా చేయం.

ఇకమీదట కావలసిన వెడల్పులో ఫ్యాక్టరీ రిమ్ము కొని, దానిలో మీ పాత చక్రం మధ్య ప్లేటు కూర్చోబెడతాం. పాత అతుకును లేత్ మీద తీసేసి, ప్లేటు విడదీసి, అంచు సాపు చేసి, కొత్త రిమ్ములో బిగుతుగా నొక్కిస్తాం. ఎదురెదురుగా నాలుగు టాకాలు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు, వేశాక హబ్బు మీద ఎక్కించి తిప్పుతూ, ఎంత ఊగుతోందో ముల్లుతో చూపించే డయల్ గేజ్ పెడతాం. పక్కకి గానీ పైకి గానీ ఒక మిల్లీమీటరు దాటి ఊగితే టాకాలు కోసేసి మళ్లీ మొదలు. ఆ తర్వాతే అసలు వెల్డింగ్. అది కూడా ఒకే చోట నుంచి చుట్టేసుకుంటూ పోకూడదు. ఇక్కడ కొంచెం, దానికి ఎదురుగా కొంచెం వేసుకుంటూ రావాలి. లేకపోతే వేడికి ప్లేటు ఒక వైపు గుంజేస్తుంది. ఇలా చేస్తే మేం వేసే అతుకు గాలి నిలిచే దారిలో ఉండదు. ప్రతి అతుకు మీదా ఎర్ర రంగు డై పూసి, తుడిచి, తెల్ల పౌడర్ కొట్టి చూస్తాం. పైకి తేలిన సన్న పగులైనా, చిల్లయినా ఎర్ర గీతలా, చుక్కలా కనబడుతుంది. లోపలే దాగిన బుడగ డైకి దొరకదు. అందుకని వెల్డింగ్ చోటుకి మూడు వైపులా తెరలు కట్టాం, ఎండాకాలం పని తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేస్తాం, రోజూ ముందుగా ఒక తుక్కు ముక్క మీద వెల్డ్ చేసి, కోసి చూశాకే చక్రం ముట్టుకుంటాం.

చాలామంది అడిగేది ఒకటుంది, అసలు వెల్డింగ్ చేసిన చక్రం సేఫేనా అని. ఫ్యాక్టరీలో తయారైన ఉక్కు చక్రమూ వెల్డింగ్‌దే. పట్టీని చుట్టి అతుకుతారు, ప్లేటునూ అతుకుతారు. కానీ వాళ్లు నమూనా చక్రాలను మిషన్ మీద లక్షల చుట్లు తిప్పి, మలుపులో పడే బరువు వేసి పరీక్షిస్తారు. ఆ మిషన్ మా దగ్గర లేదు. అందుకే కంపెనీ ఇచ్చిన బరువుకి మించి లోడు వేసే బండికి, ఇంజిన్ మార్చి స్పీడు పెంచిన బండికి మేం చక్రాలు చేయం. చక్రం మరీ బయటికి వచ్చేలా ప్లేటు పెట్టమన్నా చేయం, ఆ భారమంతా బేరింగుల మీద పడుతుంది.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 50 ఏళ్లు దాటిన బండికి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఆలోచన ఉంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. అలాంటివాళ్లు నా దగ్గర ఆర్డరు పెట్టొద్దు, పాత చక్రాలనే బాగు చేయించుకోండి. ఆ పని సంతోషంగా చేసిపెడతాం.

ఇప్పుడు ఆలస్యం గురించి. సెట్టుకి నాలుగు రోజులు పట్టేది ఇప్పుడు తొమ్మిది పడుతోంది. ముందు ఈ 22 చక్రాలూ పైసా తీసుకోకుండా కొత్తగా చేసివ్వాలి. దాంతో వరసలో ఉన్న మూడు అంబాసిడర్ సెట్లు, రెండు ఫియట్ సెట్లు సెప్టెంబరు దాకా వెనక్కి వెళ్లాయి. ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్సు ఆ రోజే మొత్తం వెనక్కి వేస్తాను. ఆగుతామన్నవాళ్లకు పాత రేటే. కొత్త ఆర్డర్లకు మాత్రం ఫ్యాక్టరీ రిమ్ము ఖర్చు కలుస్తుంది.

రాజమండ్రి సెట్టు నిన్న సాయంత్రం లారీకి వేశాం. ఐదు చక్రాల మీదా డయల్ గేజ్ చూపించిన అంకె సుద్దముక్కతో రాసి పంపాను. అన్నిట్లోకీ ఎక్కువ ఊగినది 0.7 మిల్లీమీటరు, దాన్ని స్టెప్నీగా పెట్టుకోమని ఆయనకు చెప్పాను.