చీటీ అడగకుండా ఆ చుక్కలు ఇవ్వొద్దు

సంపాదకుడు గారికి,

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఎండాకాలం వస్తే చాలు, కళ్లు నలుపుకుంటూనే ఉంటాడు. డాక్టరు ఒక్క వారానికని రాసిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు రెండేళ్లు వేశాను. ఖాళీ సీసా చూపిస్తే షాపువాళ్లు ఇచ్చేసేవారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని డబ్బా మీదే చీమతలకాయంత అక్షరాల్లో ఉందట, మొన్ననే చదివించుకున్నాను.

జనవరిలో, క్రికెట్ ఆడుతుంటే పక్కనుంచి వచ్చే బంతి కనపడట్లేదన్నాడు. కంటి ఒత్తిడి 38 ఉంది. మామూలుగా 21 దాటకూడదట. స్టెరాయిడ్ తెచ్చిన గ్లాకోమా. నీటికాసులంటే ముసలివాళ్ల జబ్బనుకునేదాన్ని! ఇప్పుడు పొద్దున, రాత్రి ఒత్తిడి తగ్గించే టిమొలాల్ చుక్కలు వేస్తున్నాం. ఒత్తిడి 17కి దిగింది, పోయిన చూపు మాత్రం రాదన్నారు.

బడిలో కంటి పరీక్షకు వచ్చేవాళ్లు అక్షరాలు చదివించి వెళ్లిపోతున్నారు. మావాడికి పోయింది పక్కచూపు కాబట్టి చివరి వరుస దాకా చదివేశాడు. ఏ చుక్కలు వాడుతున్నావని కూడా అడగండి.

- ఒక తల్లి, ఖమ్మం