జాన్సన్ మోటారు తిరిగింది, కానీ పంపు రబ్బర్ల సంగతి మీకు చెప్పాలి

ఉప్పాడ, యానాం, కోరంగి, కాకినాడ రేవుల నుంచి మా షాపుకు పడవ మోటార్లు తెచ్చే అన్నలకీ బాబాయిలకీ నమస్కారం. ఈసారి వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, మా దగ్గర నీళ్ల పంపు రబ్బరు, అంటే ఇంజన్ని చల్లబరిచే నీళ్లు తోసే రబ్బరు చక్రం, మార్పించుకున్నవాళ్లందరూ మోటారు మరోసారి తీసుకురండి. విప్పి చూసి, తేడా ఉంటే కొత్తది వేసిస్తాను. రబ్బరుకీ కూలికీ కూడా పైసా తీసుకోను. ఎందుకో దాచకుండా చెబుతాను.

షాపులో స్టాండు మీద ఉన్న పాత జాన్సన్ మోటారు మీలో చాలామంది చూసే ఉంటారు. 18 గుర్రాలది, రెండు సిలిండర్లు, 1960ల నాటిది. కోరంగి పెద్దాయన ఒకరు వాళ్ల నాన్నగారి గుర్తుగా దాచుకున్నారు. ఎన్నో ఏళ్లుగా నీళ్లు చూడలేదు. సీజన్లో ఇది పట్టుకుని కూర్చుని మన పనులు పక్కన పెట్టేశాడని రేవులో ఎవరో అన్నారట. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిషేధం ఎత్తేసేలోపు ఇస్తానన్న మోటార్లన్నీ ఇచ్చాను. జాన్సన్ పని షట్టరు సగం దించాక, రాత్రిళ్లే చేశాను.

పిస్టన్లు పట్టేసి ఉన్నాయి. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి నానబెట్టాను. తర్వాత ఫ్లైవీల్‌ని చేత్తోనే అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపాను. తొందరపడి తాడు లాగితే రింగులు విరిగిపోతాయి. పగుళ్లిచ్చిన కాయిళ్లు మార్చి, పాయింట్లు శుభ్రం చేసి, సందు 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 20) పెట్టాక స్పార్కు నీలంగా వచ్చింది. కార్బొరేటర్ సంగతి మీకు తెలిసిందే, బంకంతా కడిగాం.

చిక్కంతా పంపు రబ్బరు దగ్గర వచ్చింది. జాన్సన్ మోటార్లు చేసిన అమెరికా కంపెనీ 2000లోనే దివాలా తీసింది. దాని జంట బ్రాండు ఎవిన్‌రూడ్ తయారీ కూడా 2020లో ఆగిపోయింది. అందుకని వేరేవాళ్లు చేసే సామానే దిక్కు. ఏళ్లుగా మన మోటార్ల రబ్బర్లు ఎక్కడ కొంటున్నానో ఆ డీలరునే అడిగాను. సీలు వేసిన ప్యాకెట్లో పంపాడు, బిల్లు కూడా ఇచ్చాడు.

ఆ రబ్బరు చక్రం మధ్యలో ఇత్తడి బుష్ ఉంటుంది. బుష్ షాఫ్టుతో తిరుగుతుంది, దాన్ని అంటుకుని ఉన్న రబ్బరు నీళ్లు పైకి తోస్తుంది. ఎందుకో అనుమానమొచ్చి, బిగించేముందు ఇత్తడి మీద నుంచి రబ్బరు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. డ్రమ్ములో మోటారు చక్కగా ఆడింది. ఉప్పుటేరులో పడవకు కట్టి రైజ్ చేసేసరికి హెడ్డు కాలిపోతోంది. వెంటనే ఇంజన్ ఆపేసి, ఒడ్డుకొచ్చి పంపు విప్పాను. ఇత్తడి మీద గీత ఒకవైపు ఉంది, రబ్బరు మీద గీత ఎదురువైపుకి పోయింది. అతుకు ఊడి, బుష్ లోపల ఒక్కటే తిరుగుతోంది. అదే లోడు మీద ఇంకాసేపు నడిపి ఉంటే పిస్టన్లు మళ్లీ పట్టేసేవి.

అప్పుడు అదే డీలరు పంపిన మీ యమహా, సుజుకి మోటార్ల రబ్బర్లు డబ్బాలో మిగిలినవన్నీ తీసి, గీత గీసి, షాఫ్టుకి తగిలించి చేత్తో బలంగా తిప్పి చూశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని జారాయి. ఫోన్ చేస్తే ఆ డీలరు ఏమన్నాడో తెలుసా? "మీకు బిగించడం వచ్చో రాదో చూసుకోండి" అన్నాడు. మా నాన్న పెట్టిన షాపండీ ఇది. ఈ చేతుల్తో ఎన్ని పంపులు బిగించానో ఈ రేవుకి తెలుసు. డబ్బు వెనక్కి ఇస్తానని తర్వాత అన్నాడు గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇక ఆ గుమ్మం తొక్కను.

మీకు చెప్పాలా వద్దా అన్నదానికే నిద్ర పట్టలేదు. ఎవరి మోటారు సర్వీసుకొస్తే వాళ్లది చడీచప్పుడు లేకుండా మార్చేద్దాం, అందరికీ చెబితే షాపు పేరు పోతుందని మా తమ్ముడు అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. అన్నీ పాడైనవి కావు, మళ్లీ కొనాలంటే నాకు ఖర్చూ తక్కువేం కాదు. కానీ మీరు సర్వీసుకొచ్చేది ఎప్పుడు? ఈలోపు రోజూ సముద్రం మీదే ఉంటారు. ఈ నెలల్లో గాలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒడ్డు కనపడని చోట ఇంజన్ పట్టేస్తే ఆ పడవలో ఉండేది నేను కాదు, మీరు. అందుకే చెబుతున్నాను. పేరు పోతే మళ్లీ తెచ్చుకుంటాను.

కొత్త రబ్బర్లు వేరేచోట తెప్పించాను. ధర ఎక్కువ, వచ్చే సర్వీసు నుంచి ఆ తేడా బిల్లులో కనిపిస్తుంది. దాని మీద బేరం ఆడొద్దు, తగ్గించను. బిగించేముందు ప్రతి రబ్బరుకీ మీ కళ్లముందే గీత గీసి తిప్పి చూపిస్తాను. జాన్సన్‌కీ అలాగే చూసి వేశాను. ఇప్పుడు ఫుల్ రైజులో ఏరంతా తిరిగొచ్చినా హెడ్డు మీద చెయ్యి పెట్టగలుగుతున్నాం. పెట్రోల్లో పడవ మోటార్లకని చేసే టీసీ-డబ్ల్యూ3 ఆయిలే పోయాలని, బండ్లకు వాడే టూటీ ఆయిల్ పొయ్యొద్దని ఆ పెద్దాయనకి చెప్పి పంపాను. మీకూ అదే మాట.

పొద్దున వేట నుంచి వచ్చాక ఎప్పుడైనా రండి, బిల్లు లేకపోయినా పర్వాలేదు. దూరం వెళ్లేవాళ్లవి ముందు చూస్తాను. అప్పటిదాకా మోటారు వెనక పడే నీళ్లధార మీద ఒక కన్నేసి ఉంచండి. ధార సన్నబడినా ఆగినా ఇంజన్ వెంటనే ఆపేసి, నాకు ఫోన్ చెయ్యండి.