హైతీ గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. ఫ్రెంచ్ విప్లవం అనగానే బాస్టీల్ కోట, రాజు తల తీసెయ్యడం, నెపోలియన్, అక్కడితో ఆపేస్తారు అందరూ, హైతీ ఊసే ఉండదు, చదివినప్పుడల్లా బాధేస్తది. 1789లో పారిస్‌లో మనుషులంతా పుట్టుకతోనే స్వేచ్ఛ, సమాన హక్కులు ఉన్నవాళ్లు అని ప్రకటన చేశారు కదా, అదే టైమ్‌లో వాళ్ల కాలనీ సాన్ డొమాంగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసలు చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తింటున్నారు. 1791 ఆగస్టులో వాళ్లే తిరగబడ్డారు. 1794లో పారిస్ బానిసత్వం రద్దు చేసిందంటే ఆ పోరాటం వల్లే, ఎవరి దయా కాదు. తర్వాత నెపోలియన్ సైన్యాన్ని పంపాడు, తిరగబడ్డవాళ్ల నాయకుడు తూసాన్ లూవెర్త్యూర్‌ని మోసంతో పట్టుకుని ఫ్రాన్స్ తీసుకెళ్తే 1803లో అక్కడే ఖైదులో చనిపోయాడు, అయినా జనం ఆగలేదు, 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశం అయ్యింది.

అన్నిటికన్నా ఘోరం ఏంటంటే 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపించి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం కట్టమంది, ఎవరికి? తోటలు, బానిసలు పోగొట్టుకున్న పాత యజమానులకి! ఆ అప్పు తీర్చడానికి తరాలు పట్టింది. బాస్టీల్ కోట పడిన రోజు జులై 14న ప్రత్యేక పేజీ వేస్తే దయచేసి సగమైనా హైతీకి ఇవ్వండి.

ఇట్లు
మీ పాఠకుడు