ముందు హాలు, తర్వాత స్పీకర్లు

డల్లాస్,
ఆదివారం రాత్రి

బాబాయి గారికి నమస్కారాలు.

హాలు ఫొటోలు, పిన్ని టేపు పెట్టి కొలిచిన లెక్కలు అందాయి. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. షాపతను చూపించిన టవర్ స్పీకర్లు, ఒక్కోదానికి ఎనిమిదంగుళాల వూఫర్లు (బేస్, అంటే కింది స్వరాలు, పలికించే కోన్లు) రెండేసి, తీసుకోమంటావా అని అడిగారు. ఆ హాలుకి వద్దు.

వాటిని మెచ్చుకుంటూ వీడియోలు చేసేవాళ్లలో చాలామంది వినేది ఇక్కడి ఇళ్లలాంటి వాటిలో. ఇక్కడ గోడంటే చెక్క బద్దల మీద అరంగుళం జిప్సం బోర్డు. వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. బేస్ తగలగానే ఆ బోర్డు వణికి కొంత మింగేస్తుంది, కొంత అవతలికి వదిలేస్తుంది. కింద చాలాచోట్ల కార్పెట్. మనది తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ప్లాస్టరింగు మీద లప్పం, పైన శ్లాబు, కింద విట్రిఫైడ్ టైల్సు. వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. ఇక్కడ బేస్ చాలక పెద్ద వూఫరు కొంటారు. మన హాల్లో ఉన్న బేస్‌ని అదుపులో పెట్టడమే పెద్ద పని.

లెక్క చిన్నదే. మన ఎండలకి శబ్దం సెకనుకి దాదాపు 1,145 అడుగులు పోతుంది. అందులో సగం, అంటే సుమారు 570ని గది కొలతతో భాగించండి. 16 అడుగులకి 36 హెర్ట్జ్, 12కి 48, 10కి 57. ఆ స్వరాల దగ్గర, మళ్లీ వాటి రెట్టింపుల దగ్గర, గది తనే మోగుతుంది. మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గుంకీ, అంటే జారుడు నాదం, పలుకుతున్నప్పుడు గమనించండి. నునుపుగా జారాల్సిన నాదం ఒకచోట ఉబ్బి గుమ్మంటుంది, ఇంకోచోట చిక్కిపోతుంది. అది వాయించినాయన తప్పూ కాదు, స్పీకరు తప్పూ కాదు. పక్కనున్న 12×12 గదిలో మాత్రం సిస్టమ్ పెట్టకండి. పొడవూ వెడల్పూ రెండూ 48 దగ్గరే కలిసి మోగుతాయి.

మీ దివాను వెనక గోడకి ఆనించి ఉంది. బేస్ ఒత్తిడి ఎక్కువగా ఉండేది గోడ దగ్గరే, మూలల్లో ఇంకా ఎక్కువ. టవర్లు మూలల్లో, మీరు వెనక గోడకి ఆనుకుని, రెండు వైపులా గదిని రెచ్చగొట్టినట్టే. దివానుని ముందుకి లాగి, మీ తల వెనక గోడకి 5 అడుగుల దూరంలో ఉండేలా చూడండి. 8 అడుగుల దగ్గర, సరిగ్గా నడిమధ్యన, కూర్చోకండి. అక్కడ 36 హెర్ట్జ్ దాదాపు వినపడదు. స్పీకర్ల ముఖాలు టీవీ గోడకి 3 అడుగుల ముందు, పక్క గోడలకి రెండున్నర అడుగుల లోపల ఉంటే మధ్యలో 7 అడుగులు వస్తుంది, మీకూ వాటికీ 8 అడుగుల పైచిలుకు. ఇది మొదలు మాత్రమే, ఖాయం కాదు. స్పీకర్ల వెనకున్న టీవీ గోడకి కొట్టుకొచ్చిన శబ్దం నేరుగా వచ్చేదాన్ని ఒక స్వరం దగ్గర చంపేస్తుంది. 285ని స్పీకరు ముఖం నుంచి ఆ గోడకున్న అడుగులతో భాగిస్తే ఆ స్వరం తెలుస్తుంది. 3 అడుగులకి 95 హెర్ట్జ్. గొంతు పలచబడినట్టనిపిస్తే అరడుగు ముందుకీ వెనక్కీ జరిపి వినండి.

ఇప్పుడు స్పీకర్లు. ఐదున్నర లేదా ఆరున్నర అంగుళాల వూఫరున్న బుక్‌షెల్ఫ్ (స్టాండు మీద పెట్టే చిన్న పెట్టె) స్పీకర్ల జత చాలు. ఎంపికలో నేను నమ్మేది ఒక్కటే: స్పినోరమా గ్రాఫు, అంటే స్పీకరు ఏ స్వరాన్ని ఎదురుగా ఎంత, పక్కలకి ఎంత పంపుతుందో చూపే గీతలు. కెనడా జాతీయ పరిశోధన సంస్థలో, తర్వాత హర్మన్ అనే ఆడియో కంపెనీలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్లతరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి వినిపించి తేల్చిన సంగతి ఇది. ఎదురుగా అన్ని స్వరాలూ సమానంగా, పక్కలకి ఎగుడుదిగుడు లేకుండా మెల్లగా తగ్గే స్పీకరునే ఎక్కువమంది మెచ్చారు. టైల్సు హాల్లో మీరు వినేదాంట్లో సగానికి పైగా పక్కలకి పోయి తిరిగొచ్చిందే కాబట్టి, పక్క గీత గరుకుగా ఉన్న స్పీకరులో వయొలిన్ చెవిలో గుచ్చుతుంది.

వూఫరు అంచుకి రబ్బరు ఉందో లేదో వేలితో మెల్లగా తాకి చూడండి. కాకినాడ గాలి తేమకి ఫోమ్ అంచు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. పెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం) అని వేలల్లో రాసే వాట్లని పట్టించుకోకండి, ఆర్‌ఎమ్‌ఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, చూడండి. ఒక వాటుకి మీటరు దూరంలో 86 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) ఇచ్చే స్పీకర్ల జతకి చెరో వాటు ఇస్తే మీ దివాను దగ్గర 80 డీబీ దాటుతుంది. మామూలు వినికిడికి అదే గట్టి. తనియావర్తనంలో (కచేరీలో మృదంగం ఒక్కటే మోగే ఘట్టం) వచ్చే హెచ్చుల కోసం 50 వాట్ల యాంప్లిఫయరు పుష్కలం.

మిగిలిన డబ్బు గదికి పెట్టండి. 1895లో హార్వర్డ్‌లో సబైన్ అనే ఆయన మాట అర్థంకాని లెక్చర్ హాల్లోకి థియేటరు సీట్ల దిండ్లు మోయించి, ఎన్ని పెడితే శబ్దం ఆగాక కూడా గదిలో మిగిలే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రంతో లెక్కేస్తే మీ హాలు ఖాళీగా ఉంటే మోత మూడు సెకన్ల పైమాటే. అర సెకనుకి తేవాలి. వడ్రంగి చేత 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పుతో ఆరు ఫ్రేములు చేయించండి. ఘనమీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రెండంగుళాల రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన దూదిలాంటి పలక) రెండు పొరలు పెట్టి, పైన నూలు గుడ్డ. నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డయితేనే తీసుకోండి. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి, దురద పుడుతుంది. గోడకి రెండు మూడంగుళాలు ఎడంగా బిగించండి. మీరు కూర్చుంటే పిన్ని పక్క గోడ వెంట అద్దం జరపాలి, అందులో స్పీకరు కనపడ్డ చోట ఒకటి, అలా చెరో వైపు. మిగతా నాలుగూ దివాను వెనక గోడకి. నేల మీద మందపాటి తివాచీ. కోడిగుడ్ల అట్టలు, అంగుళం ఫోమ్ అంటించమని ఎవరన్నా చెబితే నవ్వి ఊరుకోండి. అవి పై స్వరాలని తినేసి గుమ్మనేదాన్ని అలాగే వదిలేస్తాయి.

అటక మీద నానమ్మ బూరుగుదూది పరుపులున్నాయి కదా, వాటిని చుట్టి మూలల్లో నిలబెట్టండి. 100 హెర్ట్జ్ పైన పనికొస్తాయి. 36ని మాత్రం అవేమీ చేయలేవు. దానికి కొలిచే మైకు ఒకటి తెస్తాను. ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ అనే, గది శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేరుతో కొలిచి, ఉబ్బిన చోట తగ్గిద్దాం. శబ్దం చిక్కిపోయిన గుంటలు మాత్రం పూడ్చకూడదు. ఎంత పోసినా గది రద్దు చేస్తూనే ఉంటుంది, యాంప్లిఫయరు వేడెక్కుతుంది.

స్పీకర్లు కూడా నేను వచ్చేటప్పుడు తేవచ్చు. మామూలు స్పీకరుకి కరెంటుతో పని లేదు. యాంప్లిఫయరు లోపలే ఉండే రకం, సబ్‌వూఫరు మాత్రం వెనక 100–240 వోల్టులని రాసి ఉంటేనే. ఇక్కడి 120 వోల్టులది మన 230కి పెడితే కాలిపోతుంది.

వడ్రంగి వచ్చేలోగా దివాను ముందుకి లాగి, ఉన్న పాత సెట్టుతోనే ఓ వారం వినండి. ఊడవడానికి అడ్డమని పిన్ని అంటే కాళ్లకి చక్రాలు వేయించండి.

మీ పెద్దోడు