మా బడికి వచ్చిన రచయిత్రి గారికి, చిత్రకారుడు గారికి కృతజ్ఞతలు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వచ్చి, ఉదయం ప్రార్థన మొదలుకొని సాయంత్రం చివరి గంట కొట్టేదాకా పిల్లలతోనే గడిపిన బాలల కథా రచయిత్రి గారికి, ఆమె కథలకు బొమ్మలు వేసే చిత్రకారుడు గారికి మా ఉపాధ్యాయుల తరఫున, విద్యార్థుల తరఫున, వారి తల్లిదండ్రుల తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను. తమ పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరినందువల్ల ఇక్కడ రాయడం లేదు. మా పిల్లలకు మాత్రం ఆ రెండు పేర్లూ కంఠతా వచ్చు.

రావడానికి ముందే వారు ఫోన్‌లో కొన్ని షరతులు పెట్టారు. సభ వద్దన్నారు, వేదిక వద్దన్నారు, శాలువాలూ మెమెంటోలూ అసలే వద్దన్నారు. ఒక్కొక్క తరగతినీ విడిగా కూర్చోబెట్టమని, తాము వచ్చేలోగా తమవే కానక్కరలేదు, ఏవైనా కొన్ని కథల పుస్తకాలు పిల్లల చేత చదివించమని అడిగారు. బడికి అతిథి వస్తే ఏం జరుగుతుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. పిల్లలను వరుసల్లో కూర్చోబెట్టి, పెద్దలం ఒకరి తరువాత ఒకరం మాట్లాడుకొని, అసలు అతిథికి మైకు అందే వేళకు భోజనాల గంట కొట్టేస్తాము. ఆ తంతు తప్పించినందుకు వారికి వేరే నమస్కారం పెట్టాలి. బీరువాలో ఉన్న నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలనూ, సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వారి పుస్తకాలనూ బయటకు తీసి, చాలనివాటికి ప్రథమ్ బుక్స్ వారు 2015 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంచిన స్టోరీవీవర్ వెబ్‌సైటులోని కథలను అచ్చు తీసి, తరగతి గదుల్లో తాళ్లు కట్టి వేలాడదీశాము. బీరువాలో ఉన్నప్పుడు ఎవరూ అడగని పుస్తకాల కోసం తాడు మీదికి వచ్చాక వంతులు వేసుకోవలసి వచ్చింది.

ఆరో తరగతిలో రచయిత్రి గారు కథ మొదలుపెట్టకుండా ఒక పెద్ద తెల్ల కాగితం తీశారు. దాన్ని మూడుసార్లు సగానికి మడిచి, విప్పకుండా అంచులు కొద్దిగా ఎత్తి, పేజీల మూలల్లో 1 నుంచి 16 దాకా పిల్లల చేతే అంకెలు వేయించి, అప్పుడు విప్పి చూడమన్నారు. 1 పక్కన 16 ఉంది, 4 పక్కన 13 ఉంది, సగం అంకెలు తలకిందులుగా ఉన్నాయి. గదిలో ఒకటే గోల. అచ్చు యంత్రం మీదికి కాగితం ఇలాగే వెళుతుందని, అచ్చయ్యాక మడిచి, కుట్టి, అంచులు కోస్తేనే పేజీలు వరుసలోకి వస్తాయని, పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో ఉండడానికి ఈ మడతలే కారణమని ఆమె వివరించారు. అంతలో వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచి, కుట్టు పడే వెన్ను మడతకు అటూ ఇటూ ఉన్న రెండు అంకెలు ఎక్కడ కూడినా 17 వస్తోందని చెప్పింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మా లెక్కల మాస్టారు ఊరుకుంటారా? 32 పేజీలను ఒకే కట్టగా కుడితే ఎంత రావాలో చెప్పమని అక్కడికక్కడే ప్రశ్న వేశారు. ఆ కాగితం ఇప్పటికీ ఆరో తరగతి గోడ మీద ఉంది.

ఎనిమిదో తరగతిలో ఇద్దరూ కలిసి చేసిన పని నాకు ఇంకా బాగా నచ్చింది. రచయిత్రి గారు తన కథలోని ఒక వాక్యాన్ని, రాసినది రాసినట్టు నల్లబల్ల మీద రాశారు: ఎర్ర పరికిణీ కట్టుకున్న చిన్నపిల్ల వానలో తడుస్తూ చింతచెట్టు కిందికి పరుగెత్తింది. చిత్రకారుడు గారు పక్కనే సుద్దముక్కలతో ఆ దృశ్యం గీయడం మొదలుపెట్టారు. పరికిణీకి ఎర్ర రంగు పడగానే రచయిత్రి గారు ఆ రెండు మాటలు తుడిచేశారు. వాన చినుకులు పడగానే మరికొన్ని, చెట్టు రాగానే ఇంకొన్ని పోయాయి. చివరికి బల్ల మీద "పరుగెత్తింది" అన్న ఒక్క మాట మిగిలింది. బొమ్మ చెప్పే సంగతిని మాట మళ్లీ చెప్పనక్కరలేదన్న విషయాన్ని ఉపన్యాసంతో ఇంత స్పష్టంగా చెప్పగలిగేవారం కాము. ఆ తరువాత ఆయన పక్కన పడేసిన పెన్సిల్ బొమ్మలను పిల్లల చేతికిచ్చి తప్పులు పట్టమన్నారు. ఒక పేజీలో రెండు జడలున్న పిల్లకు రెండు పేజీల తరువాత ఒకే జడ ఉండడం, పొద్దున్న జరిగే కథలో నీడలు నిమిషానికొక దిక్కుకు పడడం వంటివి మా పిల్లలు జాలి లేకుండా పట్టేశారు.

బొమ్మలు వేసేవాళ్లు పెద్ద ఊళ్లలోనే పుడతారా అని ఒక అబ్బాయి అడిగినప్పుడు, చందమామ ముఖచిత్రాలతో తెలుగు ఇళ్లన్నిటికీ పరిచయమైన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారని చిత్రకారుడు గారు చెప్పారు. అచ్చులో బొమ్మ రావాలంటే ఎంత వయసుండాలని మరొకరు అడిగితే, బాపు గారి బొమ్మలు బడికి వెళ్లే వయసులోనే 'బాల' అనే పిల్లల పత్రికలో వచ్చాయని జవాబిచ్చారు. ఆ రోజు నుంచి తెల్ల కాగితాలకు మా బడిలో గిరాకీ పెరిగింది, వెనుకవైపు ఖాళీగా ఉన్న పాత ప్రశ్నపత్రాలు కూడా మిగలడం లేదు. మరో మార్పు కూడా కనిపిస్తోంది. పుస్తకం చేతికి తీసుకోగానే బొమ్మలు ఎవరు వేశారో పిల్లలు వెతుకుతున్నారు. చాలా పుస్తకాల్లో ఆ పేరు లోపలి పేజీలో, ధర పక్కన, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటోంది. పుస్తకంలో సగం పని చేసినవారి పేరు అట్ట మీద ఉండాలని ప్రచురణకర్తలకు మనవి చేస్తున్నాను.

ఈ రాకకు అండగా నిలిచిన మరికొందరికి కూడా మేము రుణపడి ఉన్నాము. పారితోషికం సమకూర్చిన పూర్వ విద్యార్థులకు, తమ పిల్లలను చేయి పట్టుకొని నడిపించుకు వచ్చిన పక్క ప్రాథమిక పాఠశాల టీచర్లకు, వచ్చిన అతిథులకు వేరుగా వడ్డించకుండా పిల్లల పంక్తిలోనే భోజనం పెట్టిన మా వంట అక్కలకు ధన్యవాదాలు. పారితోషికం గురించి ఒక మాట చెప్పాలి. రచయితలనూ చిత్రకారులనూ బడికి పిలిచేవారు, అది సేవేనని అనుకొని ఊరుకోవడం సరికాదు. ఒక రోజంతా మా దగ్గర గడిపితే వారి రాత బల్ల మీద ఒక రోజు పని ఆగుతుంది. మేము ఇచ్చినది పెద్ద మొత్తం కాదు, అయినా దానితో వారిద్దరూ మా గ్రంథాలయానికే పుస్తకాలు కొని పంపారు. ఆ పార్శిల్ క్షేమంగా చేరింది. పుస్తకాలను రిజిస్టరులో ఎక్కించి, తాడు మీదికి కూడా చేర్చాము.

రచయిత్రి గారూ, చిత్రకారుడు గారూ, పిల్లలు మడిచి కుట్టిన చిన్న పుస్తకాల్లో కొన్నిటిని మీరు చూస్తామన్నారు కనుక పోస్టులో పంపుతున్నాము. మొహమాటం లేకుండా ఎర్ర సిరా వాడవలసిందిగా పిల్లలే కోరుతున్నారు. రైలు టికెట్ల డబ్బు మాత్రం మీరు ఇంకా తీసుకోలేదు. దయచేసి టికెట్ల ఫోటోలు పంపండి, జమాఖర్చుల పుస్తకంలో ఆ వరుస ఖాళీగా ఉంది.