బ్యాటరీ వాల్వు రేడియోకి నేరుగా కరెంటు ఇవ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కరెంటు లేని రోజుల్లో లంక గ్రామాల్లో మోగిన బ్యాటరీ వాల్వు రేడియోలను ఇప్పుడు అటకల మీంచి దించి మళ్లీ పాడిస్తున్నారు. చాలా సంతోషం. కానీ 90 వోల్టుల బ్యాటరీ దొరక్క కొందరు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక డయోడు, ఒక రెసిస్టరుతో ఇంటి కరెంటు తగిలిస్తున్నారు. ప్లగ్గు అటుదిటు అయితే షాసీ (సెట్టు లోపలి లోహపు చట్రం) అంతా ఫేజే. వానాకాలం తడి గచ్చు మీద నిలబడి నాబ్ స్క్రూ తగిలితే ప్రాణం పోతుంది.

డీకే91, డీఎఫ్91, డీఏఎఫ్91, డీఎల్92 వాల్వులున్న సెట్టుకు ఫిలమెంట్లకు (వాల్వు లోపల వేడెక్కే తీగలకు) 1.4 వోల్టులు, 250 మిల్లీఆంపియర్లు కావాలి. ప్లేట్లకు (ఎలక్ట్రాన్లను లాక్కునే రేకులకు) 90 వోల్టులు, పది పన్నెండు మిల్లీఆంపియర్లు చాలు. (ఫిలమెంట్లు సిరీస్‌లో ఉన్న సెట్లకు ఈ లెక్క పనికిరాదు.) ఈ రెండూ ఇచ్చే అడాప్టర్ కోసం 9 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 12-0-12 ఒకటి కొనండి. మొదటిదాని 9 వోల్టులను రెండోదాని రెండు 12 చివరలకూ ఇవ్వండి, నడిమి వైరు వదిలేయండి. దాని 230 వైపు 80 వోల్టుల దరిదాపు ఏసీ వస్తుంది. నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జి, 47 మైక్రోఫారడ్ 250 వోల్టుల కండెన్సరు, 1కె రెసిస్టరు, మళ్లీ అదే కండెన్సరు వేస్తే లోడు మీద 90 దగ్గర నిలుస్తుంది. చివర్లో ప్లస్ మైనస్‌ల మధ్య 100కె రెసిస్టరు వేయండి, లేకపోతే ఆపేశాక కూడా కండెన్సర్లు షాక్ కొడతాయి.

అసలు జాగ్రత్త ఫిలమెంటు దగ్గర. వెంట్రుక కన్నా సన్నం, పైగా ఎలక్ట్రాన్లను వదిలే క్యాథోడు కూడా అదే. ఏసీ ఇస్తే స్పీకరు గుయ్‌మంటుంది. 5 వోల్టుల ఫోన్ ఛార్జరుకు 14 ఓముల రెసిస్టరు కట్టి నడిపితే నాలుగు వాల్వులూ ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. డీఎల్92 ఒక్కటి పీకారంటే మిగతా మూడింటి మీద దాదాపు 2 వోల్టులు పడతాయి. ఛార్జరు చేసే రొదలో విజయవాడ 837 కిలోహెర్ట్జ్ కూడా సరిగ్గా వినపడదు. అందుకే అదే 9 వోల్టుల నుంచి ఇంకో బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ కండెన్సరు, వోల్టేజిని నిలకడగా ఉంచే ఎల్‌ఎం317 ఐసీ పెట్టండి. 240, 27 ఓముల రెసిస్టర్లతో 1.39 వోల్టులు వస్తాయి. ఐసీ బాగా కాలుతుంది, హీట్‌సింక్ తప్పదు. సాయంత్రం చెరువుల ఏరేటర్లు వేయగానే లైన్ వోల్టేజి పడినా ఇది కదలదు.

రెండు సప్లైల మైనస్‌లను మాత్రం అడాప్టర్‌లో కలపకండి. చాలా సెట్లలో 90 వోల్టుల మైనస్‌కీ షాసీకీ మధ్య బయాస్ రెసిస్టరు (వాల్వు గ్రిడ్డుకు మైనస్ వోల్టేజి ఇచ్చి కరెంటును అదుపు చేసేది) ఉంటుంది. కలిపేస్తే అది షార్టయి, డీఎల్92 కరెంటు ఎక్కువ లాగి గొంతు చెదురుతుంది. బయాస్ సరిగ్గా ఉండి కూడా 90 కాస్తా 70కి జారితే, డీఎల్92 గ్రిడ్డుకొచ్చే పాత పేపరు కండెన్సరును అనుమానించండి. మన తేమకు అవి లీకవుతాయి. 0.01 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలియెస్టరు వేయండి.

వాల్వులు పెట్టకముందు ఫిలమెంటు వైర్లకు 5.6 ఓముల రెసిస్టరు తగిలించి మీటరుతో చూడండి. 1.4 దాటితే వాల్వులు పెట్టకండి.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్, పాలకొల్లు